అది మందు కాదురా, ఆకు పొడి: ఇంట్లో చూర్ణాలు, లేహ్యాలు, నాటుమందులు వాడుతుంటే ఏం చూసుకోవాలి, ఎలా చూసుకోవాలి

మా పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండేళ్ల కిందట ఓ పెళ్లిలో ఎవరో చెప్పారని పక్క జిల్లా నుంచి ఒక పొడి తెప్పించుకుంది. పేపరు ముక్కల్లో కట్టిన పొట్లాలు, రోజుకు రెండు, గోరువెచ్చని నీళ్లతో. మూడో రోజుకల్లా మెట్లెక్కింది. నెల తిరిగేసరికి వాళ్ల వీధిలో ఇంకో నలుగురు అదే పొడి తెప్పించుకున్నారు. మూడు నెలలకు ఆవిడ మొహం గుండ్రంగా నిండింది. "కాస్త ఒళ్లు చేశావే" అని అందరూ మెచ్చుకున్నారు. ఎప్పుడూ 150 దాటని షుగర్ 320కి పోయింది.

డాక్టరు మాత్ర డోసు పెంచుతూ "వేరే మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అని అడిగితే "ఏం లేదండీ" అంది. బయటికొచ్చాక "పొడి సంగతి చెప్పలేదేం పెద్దమ్మా?" అన్నాను. "అది మందు కాదురా, ఆకు పొడి" అంది.

మర్నాడు పొట్లం పట్టుకుని మళ్లీ వెళ్లాం. పొద్దున్నే కార్టిసాల్ పరీక్ష చేయించారు. ఒంట్లో సొంతంగా తయారవ్వాల్సిన స్టెరాయిడ్ బాగా పడిపోయి ఉంది. అంటే అది బయటినుంచి పుష్కలంగా అందుతోందన్నమాట. పదిహేనేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. ఆ పొట్లం గురించి మొదట్లోనే అడగాలని నాకే తట్టలేదు.

నేను ఆయుర్వేదానికి వ్యతిరేకిని కాను. గొంతు పట్టేస్తే శొంఠి కషాయం నేనూ తాగుతాను. కానీ ఇంట్లో బీపీ, షుగర్, థైరాయిడ్, గుండె మాత్రల్లో ఏదో ఒకటి నడుస్తుంటే, దాని పక్కన ఇంకో పొడి పెట్టే ముందు కొన్ని పనులు చేయాలి. కష్టమేమీ కాదు, ఒక ఆదివారం పూట చాలు.

ముందు అన్నీ మంచం మీద పెట్టండి

ఇంట్లో పెద్దవాళ్లను "ఏం మందులు వాడుతున్నారు?" అని అడగకండి. ఆ ప్రశ్నకు డాక్టరు రాసిన మాత్రలే జవాబుగా వస్తాయి. "పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నోట్లో ఏమేం వేసుకుంటావు, ఒంటికి ఏం రాసుకుంటావు?" అని అడగండి. అప్పుడు బయటికొస్తాయి: దిండు కింద పొట్లం, దేవుడి గూట్లో లేహ్యం డబ్బా, ఫ్రిజ్‌లో తిప్పతీగ రసం, కొడుకు ఆన్‌లైన్‌లో తెప్పించిన అశ్వగంధ క్యాప్సూల్స్, టీవీలో చూసి కొన్న ఆర్థరైటిస్ నూనె, హోమియో గోళీలు, ఆర్‌ఎంపీ ఇచ్చిన పేరులేని ఎర్ర మాత్ర.

అన్నిటినీ డాక్టరు మాత్రలతో కలిపి మంచం మీద పరిచి ఫోన్‌తో ఫొటో తీయండి. సీసా వెనకవైపు కూడా తీయండి. ఎప్పటినుంచి, రోజుకు ఎన్నిసార్లు, ఎంత అనేది ఒక కాగితం మీద రాయండి. "చిటికెడు" అంటే "ఏదీ, తీసి చూపించు" అనండి. మా పెద్దమ్మ చిటికెడు చూస్తే టీ స్పూను నిండింది.

తిట్టొద్దు. ఒక్కసారి తిడితే రెండోసారి పొట్లం ఇంకా లోపలి గూట్లోకి వెళ్లిపోతుంది.

లేబుల్ చదవడం

పొట్లాల్లో కట్టినవి, చేతిరాత స్టిక్కర్ అంటించినవి వేరే పెట్టండి. వాటిలో ఏముందో ఇచ్చినాయనకు తప్ప ఎవరికీ తెలియదు, ఒక్కోసారి ఆయనకూ తెలియదు.

లేబుల్ ఉన్నవాటి మీద ఈ వరసలో వెతకండి. ఆయుర్వేద మందు అన్న మాట, తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, కంపెనీ చిరునామా, ఏ మూలిక ఎంత వేశారన్న లెక్క. ఆయుర్వేద మందులు కూడా 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికే వస్తాయి. "రహస్య ఫార్ములా, పేర్లు చెప్పం" అని సీసా మీద రాసి అమ్మితే అది నిబంధన తప్పినట్టే.

కొన్ని డబ్బాల మీద మందుల లైసెన్స్ బదులు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉంటుంది. అంటే అది ఆహార పదార్థంగా నమోదైంది. పచ్చడి సీసా మీదా అదే రకం నంబరు ఉంటుంది. అలాంటి డబ్బా మీద "షుగర్‌ను మూలం నుంచి నయం చేస్తుంది" అని ఉంటే ఆ కంపెనీ మీ తెలియనితనం మీదే బతుకుతోందని అర్థం.

తర్వాత పదార్థాల జాబితా. పారదం, కజ్జలి, హింగుళం, రస సింధూరం, మకరధ్వజం కనిపిస్తే అందులో పాదరసం ఉంది. మందు పేరు చివర "రస" అని ఉంటే ఆగి చూడండి. అక్కడ రసమంటే మిరియాల చారు కాదు, చాలాసార్లు పాదరసమే. నాగ భస్మం అంటే సీసం. హరతాళం, మనశ్శిల అంటే ఆర్సెనిక్ ఉన్న ఖనిజాలు. వత్సనాభి, విషముష్టి, ఉమ్మెత్త, నల్లజీడి, నేపాళం, గురివింద గింజలు కూడా విషపదార్థాల జాబితాలో ఉన్నవే. చట్టంలో దీనికి షెడ్యూల్ ఇ1 అని పేరు. ఇవి కలిసిన మందు లోపలికి తీసుకునేదైతే వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండి తీరాలి.

"శుద్ధి చేసిన పాదరసం ఏమీ చేయదండీ" అంటారు. శోధన, మారణ అని శుద్ధి చేసి భస్మం చేసే పద్ధతులు గ్రంథాల్లో ఉన్న మాట నిజమే. కానీ మీ చేతిలో ఉన్న సీసాకు ఆ పద్ధతి ఎంత శ్రద్ధగా జరిగిందో మీకెలా తెలుస్తుంది? 2004లో అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల ఇండియన్ సరుకులమ్మే షాపుల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉంది. 2008లో ఇంటర్నెట్‌లో కొన్న 193 రకాలను చూస్తే మళ్లీ దాదాపు ఐదింట ఒక వంతు అలాగే తేలాయి. అవి ఇండియాలో తయారైనవే కాదు, అమెరికాలో తయారైనవీ ఉన్నాయి. 2011, 2012లలో న్యూయార్క్‌లో ఆరుగురు గర్భిణులకు ఇలాంటి మందుల వల్ల ఒంట్లో సీసం చేరినట్టు బయటపడింది. తల్లి రక్తంలోని సీసం కడుపులో బిడ్డకూ చేరుతుంది. పురుడు పోయడానికి డల్లాసో మెల్‌బోర్నో వెళ్తూ సూట్‌కేసులో ఊరి పొట్లాలు సర్దుకునే అమ్మలు, అత్తలు ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి.

గాడిదగడపాకు, ఈశ్వరి వేరు గురించి కూడా ఒక మాట. నులిపురుగులకని ఒకటి, పాముకాటుకని ఒకటి మన పల్లెల్లో వాడతారు. రెండూ అరిస్టోలోకియా జాతి మొక్కలే. ఆ జాతిలో ఉండే ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. 1990లలో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన చాలామంది ఆడవాళ్ల కిడ్నీలు పోయింది దీనివల్లే. పెరట్లో మొలిచింది కదా అని ధైర్యం చేయకండి.

మరీ త్వరగా పనిచేస్తే అనుమానించండి

ఆకు, వేరు, బెరడు మెల్లగా పనిచేస్తాయని ఆయుర్వేద వైద్యులే చెబుతారు. పదేళ్ల మోకాళ్ల నొప్పి మూడు రోజుల్లో, పిల్లాడి ఉబ్బసం రెండు పొట్లాలతో మాయమైతే సంతోషించే ముందు అందులో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడో, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రో కలిపారేమో చూడాలి. షుగర్ పొడుల్లో అల్లోపతీ షుగర్ మాత్రలు నూరి కలిపిన సందర్భాలూ ఉన్నాయి. స్టెరాయిడ్ గుర్తులు ఇవి: విపరీతమైన ఆకలి, మొహం గుండ్రంగా ఉబ్బడం, ఒళ్లు బరువెక్కడం, చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోవడం, షుగర్, బీపీ ఉన్నట్టుండి పెరగడం.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. అనుమానం రాగానే పొట్లాలన్నీ చెత్తబుట్టలో పారేస్తారు. వారాల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే, సొంత స్టెరాయిడ్ తయారీ ఆగిపోయిన ఒళ్లు తట్టుకోలేదు. నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి రావడం కూడా జరుగుతుంది. పొట్లంతో సహా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. మా పెద్దమ్మకు డాక్టరు అసలు స్టెరాయిడ్ మాత్రే రాసి, డోసు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మూడు నెలల్లో ఆపారు.

ప్రకటనల సంగతి తేలిక. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో 54 జబ్బుల జాబితా ఉంది. షుగర్, క్యాన్సర్, మూర్ఛ, పక్షవాతం, బీపీ, కిడ్నీలో రాళ్లు, శుక్లాలు అందులో ఉన్నవే. వీటిని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. ఆటో వెనక పోస్టరైనా, యూట్యూబ్ వీడియో అయినా అంతే.

ఉన్న మాత్రతో పడుతుందా

షాపులో నాకు రోజూ కనిపించే జంటలు చెబుతాను.

గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుంటూ పరగడుపున కాకరకాయ రసం, మెంతిపొడి, నేరేడు గింజల పొడి కలిపి తీసుకుంటే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే పంచదార నీళ్లు ఇవ్వాలి. పులుసులో కాకరకాయకు ఏమీ కాదు. రోజూ గ్లాసుడు రసం తాగితేనే అది మందవుతుంది.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు అశ్వగంధతో జాగ్రత్త. అది థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు, అరుదుగా లివర్‌ను దెబ్బతీసింది కూడా. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. ఇంకో సంగతి, శంఖ భస్మం, ప్రవాళ భస్మం అంటే ముఖ్యంగా కాల్షియం. లోహ భస్మం, మండూర భస్మం అంటే ఇనుము. ఈ రెండూ థైరాయిడ్ మాత్రను ఒంటికి పట్టనివ్వవు. కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. "మాత్ర మానకుండా వేస్తున్నా టీఎస్‌హెచ్ తగ్గట్లేదు" అని విసుక్కునే కొందరి సంచిలో అసలు కారణం ఇదే.

అతిమధురం దగ్గుకు మంచిదే. రోజుల తరబడి నమిలితే బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు అది కుదరదు.

గుండె వాల్వ్ మార్చుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, ఎసిట్రామ్ లాంటివి వాడేవాళ్లు ఏ మూలిక క్యాప్సూలూ డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు. కూరలో పసుపు, వెల్లుల్లి మామూలే. వాటి సారం తీసి క్యాప్సూల్లో కుక్కితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ఆపరేషన్ తేదీ ఖరారైతే ఎవరైనా సరే ఇలాంటివన్నీ కనీసం రెండు వారాల ముందు ఆపేసి, ఆ సంగతి మత్తు డాక్టరుకు చెప్పాలి.

కిడ్నీ, లివర్ మార్పిడి జరిగినవాళ్లు "ఇమ్యూనిటీ పెంచే" ఏ వస్తువూ ముట్టొద్దు. వాళ్ల మాత్రలు చేసే పనే ఇమ్యూనిటీని తగ్గించడం.

రసాల పిచ్చి

ఆకు పసరులు, జ్యూసుల దగ్గర పెద్ద నియమం ఒకటే. మొక్క అదేనని, కాయ మంచిదేనని తేల్చుకోవాలి. 2010లో ఢిల్లీలో ఓ శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి చనిపోయాక, దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ నిపుణుల కమిటీ వేసి మరీ చెప్పింది: చేదుగా ఉన్న సొరకాయ రసం తాగొద్దని. కోసేటప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే కాయ మొత్తం పారేయండి. వేరే కూరతో కలిపి చేదు చంపుకుని తాగడం అన్నిటికన్నా ప్రమాదం.

కరోనా రోజుల్లో ఇంటింటా తిప్పతీగ మరిగింది. 2021లో ముంబై డాక్టర్లు దాన్ని వాడిన కొందరిలో లివర్ దెబ్బతిన్నట్టు రాశారు. అది అసలు తిప్పతీగ కాకుండా దాన్ని పోలిన వేరే తీగ కావచ్చని ఆయుష్ శాఖ వాదించింది. ఎవరి మాట నిజమైనా మనకు మిగిలేది ఒకటే. గోడ మీద పాకిన తీగను చూసి ఏది ఏదో చెప్పగలిగేవాళ్లు మన ఇళ్లలో తక్కువ.

అదే ఏడాది మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకని ఇచ్చిన ఆనందయ్య మందు కోసం వేలమంది బారులు తీరారు. ప్రభుత్వం కడుపులోకి తీసుకునే మందులకు అనుమతి ఇచ్చి, కంట్లో వేసే చుక్కలకు ఇవ్వలేదు. ఆ తేడా గుర్తుపెట్టుకోండి. కంట్లో, పుండు మీద వేసే దేనిలోనూ సూక్ష్మజీవులు ఉండకూడదు. తేనె, పసరు, తల్లిపాలు, ఇంకేదైనా సరే, ఇంట్లో నూరింది కంట్లో వేయకండి.

వైద్యుడిని చూసుకోవడం, డాక్టరుకు చెప్పడం

ఆయుర్వేదమే కావాలంటే బీఏఎంఎస్ చదివి రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. హోమియోకు బీహెచ్‌ఎంఎస్, యునానీకి బీయూఎంఎస్. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విజయవాడలో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలు, తిరుపతిలో టీటీడీ నడిపే ఆయుర్వేద కళాశాల, వాటికి ఆసుపత్రులు ఉన్నాయి. చీటీ రాసిచ్చేవాళ్లను నమ్మొచ్చు. "మందు పేరు చెబితే పనిచేయదు" అనేవాళ్ల దగ్గర లేచి వచ్చేయండి. "ముందు ఆ ఇంగ్లీషు మందులు మానేసి రండి" అన్నా అంతే. ముఖ్యంగా ఇన్సులిన్. టైప్ 1 షుగర్ పిల్లలకు ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం పోతుంది.

అల్లోపతీ డాక్టరు ముందు నోరు పెగలదు, కసురుకుంటారని భయం. నిజంగానే కొందరు కసురుతారు. కూర్చోగానే, ఆయన ప్రిస్క్రిప్షన్ రాయకముందే ఫోన్‌లో ఫొటో చూపించి ఇలా అనండి: "డాక్టర్ గారూ, వీటితోపాటు ఇవి కూడా మూడు నెలలుగా వాడుతున్నాం. ఏది ఆపాలో, ఏ పరీక్ష చేయించాలో చెప్పండి." ఇలా అడిగితే తిట్టడానికి పెద్దగా చోటుండదు. లివర్ పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం అడగండి. భస్మాలు నెలల తరబడి వాడినవాళ్లకు కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, రక్తహీనత కలిసి వస్తే రక్తంలో సీసం పరీక్ష కూడా అడగండి. ఈ మూడింటికీ విడివిడిగా మందులు మింగుతూ ఏడాది గడిపేసేవాళ్లుంటారు.

ఒక్క గంట కూడా ఆగకూడనివి

పాము కరిస్తే 108. మంత్రం, పసరు, నల్లరాయి, గాటు పెట్టి పీల్చడం ఏదీ వద్దు. మంత్రానికి తగ్గినవాళ్లను కరిచింది చాలావరకు జెర్రిపోతు లాంటి విషం లేని పామో, లేక విషం వదలని కాటో అయి ఉంటుంది. కట్లపాము కరిస్తే వాపు, నొప్పి కూడా పెద్దగా ఉండవు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. విరుగుడు ఇంజెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

కుక్క కరిస్తే ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం, ఆకు పసరు పెట్టొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఎవరూ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

మూతి వంకర, చేయి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే నాలుగున్నర గంటల్లోపు రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడాలి. పక్షవాతానికని పావురం రక్తం పూయడానికి ఊళ్లు తిరిగేది ఆ గంటల్లోనే.

విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు మీద నమ్మకం ఉంటే ముందు ఎక్స్‌రే తీయించండి. ఎముక బయటికి కనిపిస్తే, పిల్లల మోచేయి అయితే, ముసలివాళ్ల తుంటి అయితే నేరుగా ఎముకల డాక్టరు దగ్గరికే. ఎవరు కట్టు కట్టినా ఆ రాత్రి వేళ్లు చూడండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. వేళ్లు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, కదిపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా కట్టు కోసేసి ఆసుపత్రికి పరుగెత్తండి. చేతులు తీసేయాల్సి వచ్చేది ఈ ఆలస్యంతోనే.

కామెర్లది కాస్త వేరే కథ. కలుషిత నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం పసరు పోసినాయనకు వస్తుంది. కామెర్లు బి వైరస్ వల్లో, పిత్తాశయం రాయి వల్లో, క్యాన్సర్ వల్లో వస్తే పసరు తాగుతూ పోగొట్టుకున్న ఆ రోజులే ప్రాణం మీదికి తేవచ్చు. లివర్ పరీక్ష, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్, స్కాన్ చేయించి కారణం తెలిశాక మీ పత్యం మీరు చేసుకోండి. మనిషి మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా అడ్మిట్ చేయాల్సిందే.

క్యాన్సర్ గడ్డ విషయంలో 2018లో అచ్చయిన ఒక అమెరికా పరిశీలన చాలు. మామూలు వైద్యం వదిలి ప్రత్యామ్నాయ వైద్యమే నమ్ముకున్నవాళ్లలో మరణాల ముప్పు రెండున్నర రెట్లు ఉంది, రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లు దాటింది.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఉబ్బసానికి చేప ప్రసాదం తీసుకోవడం మీ ఇంటి ఆనవాయితీ అయితే వెళ్లండి, నేను వద్దంటే ఆగుతారా? ఇన్‌హేలర్ మాత్రం జేబులో ఉండాలి. వచ్చాక కూడా ఆపొద్దు. చేప మింగలేక ఏడ్చే చిన్నపిల్లలకు బలవంతంగా వేయించకండి, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

తేడా వస్తే

మూత్రం టీ రంగులోకి మారడం, కళ్లు పచ్చబడటం, అన్నం సయించకపోవడం, ఒళ్లంతా దురద, మొహం లేదా కాళ్ల వాపు, మూత్రం తగ్గడం. ఇందులో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్లండి, మిగిలిన పొడి, సీసా, బిల్లు పారేయకుండా జిప్ కవర్లో వేసి తీసుకెళ్లండి. డాక్టరుకు అదే ఆధారం. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. ఫిర్యాదు రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులకు కూడా చేయొచ్చు. పొట్లం మీద పేరే లేకపోతే ఎవరి మీద చేయాలన్నది ప్రశ్న. మేమూ అక్కడే ఆగిపోయాం. ఫోన్ చేస్తే ఆయన "మా దగ్గర అంతా ఆకులేనండీ" అని పెట్టేశాడు.

పెద్దమ్మ ఇప్పుడు మోకాళ్లకు ఫిజియోథెరపీ చేస్తోంది, నూనె మర్దన మానలేదు. వాళ్ల ఫ్రిజ్ తలుపు మీద ఓ కాగితం అంటించాం. మాత్రలన్నీ వరసగా ఉన్నాయి, కింద ఆవిడే తన వంకర అక్షరాలతో రాసుకుంది: "అల్లం మురబ్బా, రాత్రి, ఒక ముక్క."